మలివయసులో ఎముకల బలం: భిలాయి తెలుగు కుటుంబాల పళ్ళెంలో ఏముండాలి?

భిలాయి: సోవియట్ యూనియన్ సహకారంతో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం ప్రకారం నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి ఇక్కడికి ఉపాధి కోసం వచ్చినవారిలో తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలను రాయపూర్‌తో కలిపే రైలుమార్గం ఈ వలసకు దారి చూపింది. అలా వచ్చి కర్మాగారంలోను, దాని చుట్టూ వెలసిన చిన్న పరిశ్రమల్లోను, రైల్వేలోను పనిచేసినవారు ఇప్పుడు అరవై, డెబ్బై, ఎనభై ఏళ్ళ వయసులో ఉన్నారు. ఉద్యోగ విరమణ తరువాత సొంత ఊరికి తిరిగి వెళ్ళినవారు కొందరు, భిలాయి, దుర్గ్, రిసాలీ పరిసరాల్లో ఇల్లు కట్టుకొని స్థిరపడినవారు మరికొందరు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, విదేశాల్లోనో ఉండగా, భార్యాభర్తలు ఇద్దరే మిగిలిన ఇళ్ళు ఉక్కునగరంలో చాలా ఉన్నాయి.

అటువంటి ఇంట్లో ఒకరు స్నానాల గదిలో కాలుజారి పడి తుంటి ఎముక విరిగితే, ఆ ఇంటి జీవితమే తలకిందులవుతుంది. శస్త్రచికిత్స, వారాల తరబడి మంచం, పక్కన ఒక మనిషి తోడు తప్పనిసరి. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు ఐదోవంతు మంది ఏడాది తిరగకుండానే మరణిస్తున్నారని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. బతికి బయటపడినవారిలో సైతం చాలామంది మునుపటిలా ఎవరి సాయం లేకుండా నడవలేరు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతీయుల్లో ఈ విరుగుళ్ళు సుమారు పదేళ్ళు ముందుగానే కనిపిస్తున్నాయని వైద్యులు చాలాకాలంగా గుర్తిస్తున్నారు. ఇందుకు కారణాలు అనేకం. వాటిలో మన చేతిలో ఉన్నది, ఖర్చు తక్కువైనది, ఏ వయసులోనైనా దిద్దుకోదగినది ఆహారం.

ఎముక రాయి కాదు

ఎముకను ఎండిన కట్టెలాగానో, రాయిలాగానో ఊహించుకోవడం పొరపాటు. అది నిరంతరం కూలుతూ, తిరిగి కట్టుబడుతూ ఉండే సజీవ కణజాలం. పెద్దవారి అస్థిపంజరంలో ప్రతి ఏడూ సుమారు పదోవంతు కొత్తదవుతుంది. కాంక్రీటు స్తంభంలో ఇనుప చువ్వలు, సిమెంటు కలిసి ఎట్లా పనిచేస్తాయో ఉక్కునగర వాసులకు వివరించనక్కరలేదు. ఎముకలో చువ్వల పాత్ర కొల్లాజెన్ అనే మాంసకృత్తిది, సిమెంటు పాత్ర కాల్షియం, భాస్వరం లవణాలది. చువ్వలు లేని స్తంభం పెళుసుగా విరుగుతుంది, సిమెంటు చాలనిది వంగిపోతుంది. ఎముకలు అనగానే కాల్షియం ఒక్కటే గుర్తుకు రావడం, మాంసకృత్తులు మరుగున పడడం మన ఇళ్ళలో తరచుగా జరిగే లోపం.

శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం రక్తంలో, కండరాల్లో, నాడుల్లో తిరుగుతూ గుండె కొట్టుకోవడానికి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. ఈ ఒక్క శాతంలో హెచ్చుతగ్గులను శరీరం సహించదు. ఆహారంలో కాల్షియం చాలనప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల ఆజ్ఞపై ఎముకల నుంచి తీసి రక్తానికి చేరుస్తుంది. ఈ తీత నొప్పి లేకుండా, ఏ సూచనా లేకుండా ఏళ్ళ తరబడి సాగుతుంది. రక్తపరీక్షలో కాల్షియం సరిగానే ఉంది కనుక ఎముకలు బాగున్నట్టేనని అనుకోవడం ఇందువల్లనే సరికాదు. ఎముకలను కరిగించి మరీ శరీరం ఆ అంకెను నిలబెడుతుంది.

ముప్పై ఏళ్ళు వచ్చేసరికి ఎముకల సాంద్రత తన గరిష్ఠ స్థాయిని చేరుకుంటుంది. ఆపైన కొంతకాలం నిలకడగా ఉండి, క్రమంగా తగ్గుతుంది. స్త్రీలకు ముట్లుడిగిన తరువాతి ఐదారేళ్ళలో ఈ తరుగుదల చాలా వేగంగా ఉంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గడమే అందుకు కారణం. పురుషులకు ఇది కొంత ఆలస్యంగా, నెమ్మదిగా వస్తుంది. అంతమాత్రాన వారికి రాదని కాదు. తుంటి విరిగిన తరువాత ప్రాణాపాయం పురుషులకే ఎక్కువ.

హైదరాబాదు, తిరుపతి చెప్పిన సంగతులు

ఈ విషయంలో తెలుగునేలపై జరిగిన పరిశోధన గమనించదగినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు అల్పాదాయ కుటుంబాలకు చెందిన 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలు 289 మంది ఎముకలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. అభివృద్ధి చెందిన దేశాల స్త్రీలతో పోలిస్తే వీరి ఎముకల సాంద్రత తక్కువగా ఉంది. కాల్షియం తక్కువైన ఆహారం, తక్కువ శరీర బరువు వారి జీవితంలో మొదటి నుంచీ ఉన్నవే. నడుమునొప్పిని ఆడవారికి సహజమైన బాధగా కొట్టిపారేయడాన్ని వీణా శత్రుఘ్న చాలా ముందు నుంచే ప్రశ్నిస్తూ వచ్చారు.

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన సి.వి. హరినారాయణ్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం మరింత ఆశ్చర్యం కలిగించింది. ఏడాది పొడవునా ఎండకాసే తిరుపతి ప్రాంతంలో ఆరోగ్యవంతులనుకున్నవారిలోనే విటమిన్-డి లోపం విస్తృతంగా కనిపించింది. పల్లెవాసుల్లో ఆ విటమిన్ పట్టణవాసుల కంటే మెరుగ్గా ఉన్నా, కాల్షియం మాత్రం రెండు చోట్లా చాలలేదు. పైగా కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటపట్టకుండా చేసే ఫైటేట్లు వారి ఆహారంలో ఎక్కువ. ఎండ ఉన్నంత మాత్రాన, కడుపు నిండినంత మాత్రాన ఎముకలకు కావలసినది అందుతున్నట్టు కాదని ఈ రెండు అధ్యయనాలూ వేరువేరు దారుల్లో చెప్పాయి. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాసే భిలాయికి ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది.

చోడి అంబలి నుంచి తెల్లన్నానికి

ఉత్తరాంధ్రలో చోళ్ళు, రాయలసీమలో రాగులు, తెలంగాణలో తైదలు అని పిలిచే ధాన్యం ఒక్కటే. భిలాయికి తరలివచ్చిన తొలితరం వారిలో చాలామంది చిన్ననాట చోడి అంబలి తాగి పెరిగినవారు. నెలజీతం, రేషను, కాలనీ జీవితం వచ్చాక చోళ్ళు పేదరికానికి గుర్తుగా మారాయి, పాలిషు పట్టిన తెల్లబియ్యం హోదాగా మారింది. పిల్లలకు అంబలి రుచి తెలియకుండానే ఒక తరం పెరిగింది. ఈ మార్పును తప్పుపట్టడం తేలిక. ఆకలి తెలిసినవారికి తెల్లన్నం ఎంత విలువైనదో గ్రహించకుండా ఆ మాట అనకూడదు. అయితే ఎముకల లెక్క వేరు.

వంద గ్రాముల తెల్లబియ్యంలో కాల్షియం 10 మిల్లీగ్రాములకు మించదు. అంతే బరువు చోళ్ళలో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో సవరించిన ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఇప్పుడు మామూలుగా కనిపించే ఒక రోజు భోజనాన్ని లెక్క కట్టి చూద్దాం. రెండుపూటలా అన్నానికి పావుకిలో బియ్యం, కందిపప్పు గుప్పెడు, ఒక కూర, మూడు కప్పుల టీలో కలిసిన పాలు, చివర కాసిన్ని మజ్జిగ. అన్నీ కలిపినా 350 మిల్లీగ్రాముల దగ్గరే ఆగుతుంది. కావలసినదానిలో సగం కూడా పూర్తి కాదు. మిగిలినదాన్ని ఆ రోజూ, మరుసటి రోజూ, పదేళ్ళ పాటూ ఎముకలే సర్దుబాటు చేస్తూ ఉంటాయి.

అదే మనిషి, అదే వంటగదిలో, పెద్ద మార్పులేవీ లేకుండా ఆ లోటును పూడ్చుకోగలరు. పాలు, పెరుగు కలిపి రోజుకు 400 మిల్లీలీటర్లు తీసుకుంటే 480 మిల్లీగ్రాములకు చేరువవుతారు. ఉదయం 50 గ్రాముల చోడిపిండితో అంబలి కాస్తే 180 వరకు, వంద గ్రాముల మునగాకు పప్పులో వేస్తే 300 వరకు, ఒక చెంచాడు నువ్వులపొడి అన్నంలో కలుపుకుంటే 120 పైచిలుకు, ఉలవచారుకో గుగ్గిళ్ళకో 30 గ్రాముల ఉలవలు వాడితే 80 వస్తాయి. ఇవన్నీ కలిసి సుమారు 1,160. పప్పు, కూరగాయలు, అన్నం ఇచ్చేది దీనికి అదనం. ప్రతిరోజూ అన్నీ ఉండాలన్న నియమం లేదు. వారం మొత్తంలో ఇవి వంతులవారీగా పళ్ళెంలోకి వస్తూ ఉంటే చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. పదార్థంలో ఎంత కాల్షియం ఉందన్నది ఒక లెక్క, అందులో ఎంత ఒంటబడుతుందన్నది మరొక లెక్క. పాలలోని కాల్షియంలో దాదాపు 30 శాతం ఒంటబడితే, ఆక్సలేట్లు దండిగా ఉన్న పాలకూరలోనిది సుమారు 5 శాతమే ఒంటబడుతుంది. తోటకూరలోను, పొట్టుతో ఉన్న నువ్వుల్లోను ఆక్సలేట్లు ఎక్కువే. మునగాకు, మెంతికూర ఈ విషయంలో నయం. చోళ్ళలోని ఫైటేట్లను తగ్గించడానికి మన పెద్దలు ఎరిగిన పద్ధతులే ఉత్తమం: నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించడం, అంబలిని రాత్రంతా పులియబెట్టడం. నేటి రోజుల్లో డబ్బాలో దొరికే చోడిపిండిని అప్పటికప్పుడు ఉడికించి తాగడం కంటే పులిసిన అంబలి ఎముకలకు మేలైనది. అయినా పాలు, పెరుగు పడేవారు వాటిని పక్కనబెట్టి చోళ్ళ మీదనే ఆధారపడడం తెలివైన పని కాదు. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ సాధారణంగా ఇబ్బంది పెట్టవు, ఎందుకంటే పులియడంలో పాలచక్కెర కొంత తగ్గుతుంది. చిన్న చేపలను ముళ్ళతో సహా తినే అలవాటున్నవారికి అది మరొక మంచి ఆధారం.

ఛత్తీస్‌గఢ్ సంతలో దొరికేవి

పుట్టినూరి సరుకు కోసం రైలెక్కనవసరం లేదు. ఛత్తీస్‌గఢ్ ఆకుకూరల రాష్ట్రం. ఇక్కడివారు ఆకుకూరను భాజీ అంటారు, సంతలో రోజుకొక రకం వస్తుంది. ముంగా భాజీ అంటే మన మునగాకే. అమారీ భాజీ గోంగూరకు చుట్టం. తొలకరి వానలకు గట్ల మీద మొలిచే చరోటా భాజీ తెలుగు పల్లెల్లో తగిరిస పేరుతో ఎరిగినదే. బస్తర్ ప్రాంతంలో చోళ్ళను మడియా అంటారు, వాటితో కాచే జావను పేజ్ అంటారు. మడియా పేజ్, చోడి అంబలి అక్కాచెల్లెళ్ళు. ఉలవలను కుల్థీ అని, మీల్ మేకర్‌ను సోయా బడీ అని అడిగితే ఏ కిరాణా కొట్టులోనైనా ఇస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2021లో చిరుధాన్యాల పథకాన్ని ప్రారంభించి కోదో, కుట్కీలతో పాటు చోళ్ళ సాగునూ ప్రోత్సహించింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. చిరుధాన్యాలన్నీ కాల్షియానికి నిలయాలన్న భ్రమ దానితో పాటు వ్యాపించింది. కొర్రలు, సామలు, అరికెల్లో పీచు, ఇతర గుణాలు ఉన్నాయి గాని, కాల్షియం విషయంలో చోళ్ళకు అవి దరిదాపుల్లో లేవు.

చద్దన్నం గురించి కూడా ఒక మాట చెప్పాలి. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఉదయం ఉల్లిపాయతో తినే పద్ధతిని ఇక్కడ బోరే బాసీ అంటారు. 2022లో మే 1న కార్మిక దినోత్సవం నాడు అందరూ బోరే బాసీ తినాలని నాటి రాష్ట్ర ప్రభుత్వం పిలుపునిచ్చింది. ఎండదెబ్బ నుంచి కాపాడే చలువ ఆహారంగా దానికి తిరుగులేదు. అయితే రాత్రంతా నానితే అన్నంలో కాల్షియం అనేక రెట్లు పెరుగుతుందన్న ప్రచారం ఫోన్లలో జోరుగా తిరుగుతోంది. పులియడం వల్ల ఉన్న ఖనిజం మరికాస్త ఒంటబట్టవచ్చు, లేని ఖనిజం పుట్టదు. బియ్యంలో లేని కాల్షియం గిన్నెలోకి ఎక్కడి నుంచీ రాదు. చద్దన్నంలో గడ్డపెరుగు కలుపుకుంటే మాత్రం ఆ లెక్క మారుతుంది, మన పెద్దలు చేసినదీ అదే.

పప్పు పలుచనైతే కండ కరుగుతుంది

ఎముకకు మాంసకృత్తులు హాని చేస్తాయని, మూత్రంలో కాల్షియాన్ని పోగొడతాయని ఒకప్పుడు భావించేవారు. తరువాతి పరిశోధన ఆ అభిప్రాయాన్ని మార్చింది. కాల్షియం తగినంత అందుతున్నప్పుడు మాంసకృత్తులు ఎముకకు మేలే చేస్తాయి. అంతకు మించి కండను నిలబెడతాయి. వృద్ధుల ఎముకలు విరగడంలో ఎముక బలహీనత సగమైతే, పడిపోవడం మిగతా సగం. తొడకండరాలు సన్నగిల్లిన మనిషి కుర్చీలోంచి లేచేటప్పుడే తూలుతారు.

పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున మాంసకృత్తులు కావాలన్నది జాతీయ ప్రమాణం. వృద్ధులకు 1 నుంచి 1.2 గ్రాముల వరకు అవసరమని అంతర్జాతీయ నిపుణులు సూచిస్తున్నారు. అరవై కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు. వయసు మీరిన కొద్దీ ఆకలి తగ్గుతుంది, పళ్ళు కదులుతాయి, ఒంటరిగా ఉన్నవారికి వండుకోబుద్ధి కాదు. రాత్రిపూట రెండు ఇడ్లీలతో, లేదా టీ బిస్కెట్లతో సరిపెట్టే అలవాటు ఇలాగే మొదలవుతుంది. అటువంటివారికి ఒక కోడిగుడ్డు 6 గ్రాములు, గ్లాసెడు పాలు 6 గ్రాములకు పైగా, 30 గ్రాముల కందిపప్పు దాదాపు 7 గ్రాములు, 30 గ్రాముల సోయా బడీ సుమారు 15 గ్రాములు, వంద గ్రాముల చేప లేదా కోడిమాంసం దాదాపు 20 గ్రాములు ఇస్తాయి. మూడుపూటలా కొంత కొంతగా తినడం ఒకే పూట ఎక్కువగా తినడం కంటే మేలు. పళ్ళు సరిగా లేనివారు పప్పును మెత్తగా, చిక్కగా వండుకోవాలి. నీళ్ళచారులో పప్పు వాసన ఉంటుంది గాని పప్పు ఉండదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుల సలహా లేకుండా మాంసకృత్తులు పెంచరాదు.

ఆస్ట్రేలియాలో వృద్ధాశ్రమాల్లో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఈ సందర్భంలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 60 ఆశ్రమాల్లో సగటున 86 ఏళ్ళ వయసున్న ఏడువేల మందికి పైగా వృద్ధులపై దాన్ని నిర్వహించి, 2021లో ఫలితాలు ప్రకటించారు. సగం ఆశ్రమాల్లో మాత్రలేవీ కొత్తగా ఇవ్వకుండా, పాలు, పెరుగు, జున్ను వంటి పదార్థాలను మాత్రమే పెంచారు. రోజువారీ కాల్షియం సుమారు 700 నుంచి 1,142 మిల్లీగ్రాములకు చేరింది, మాంసకృత్తులూ కొంత పెరిగాయి. తుంటి విరుగుళ్ళు 46 శాతం, మొత్తం విరుగుళ్ళు 33 శాతం, పడిపోవడం 11 శాతం తగ్గాయి. 86 ఏళ్ళ వయసులో సైతం పళ్ళెం మార్చినందుకు ఫలితం దక్కింది. ఈ వయసులో ఇంకేం తింటాంలే అనే పెద్దలకు ఇంతకంటే గట్టి జవాబు దొరకదు.

నీడ పొట్టిగా ఉన్న వేళ

తిన్న కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి రావాలంటే విటమిన్-డి కావాలి. మన ఆహారంలో ఇది అతి స్వల్పం. చర్మంపై సూర్యకిరణాలు పడినప్పుడు తయారయ్యేదే ప్రధానం. వయసుతో చర్మానికి ఆ శక్తి తగ్గుతుంది. ఉదయపు నీరెండలో నడిస్తే విటమిన్-డి వస్తుందని చాలామంది నమ్మకం. ఆ నడక గుండెకు, కండకు మంచిదే. కాని విటమిన్‌ను తయారుచేసే అతినీలలోహిత కిరణాలు ఏటవాలు ఎండలో నేలను చేరవు. ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 మధ్య తయారీ గరిష్ఠంగా ఉంటుందని తిరుపతిలో జరిగిన పరిశీలన తేల్చింది.

సులభమైన గుర్తు ఒకటి ఉంది: మన నీడ మన పొడవు కంటే పొట్టిగా ఉన్నప్పుడు కాసే ఎండే ఉపయోగపడుతుంది. భిలాయి సుమారు 21 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉంది. మే నెలలో ఉదయం తొమ్మిది గంటలకే నీడ పొట్టిదవుతుంది కనుక మధ్యాహ్నపు వడగాడ్పులో నిలబడనక్కరలేదు. తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య చేతులు, కాళ్ళు కప్పకుండా పది, పదిహేను నిమిషాలు ఉంటే చాలు. డిసెంబరు చివర మాత్రం ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా నీడ దాదాపు మనిషి పొడవే ఉంటుంది. చలికాలంలో పన్నెండు గంటల ప్రాంతాన డాబా మీద కూర్చొని బఠానీలు ఒలుచుకునే ఆడవారు తమకు తెలియకుండానే ఈ పని చేస్తున్నారు. రాత్రి షిఫ్టుల్లో ముప్పై ఏళ్ళు గడిపి పగలంతా నిద్రించినవారు, ఇల్లు దాటి బయటికి రాని గృహిణులు, మంచం పట్టినవారు ఈ లోపానికి ఎక్కువగా గురవుతారు.

మాత్రల మాట

అరవై దాటినవారికి రోజుకు 800 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్-డి అవసరమని మన జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఎండ అందనివారు మాత్ర వేసుకోవడంలో తప్పులేదు. అయితే మాత్రల చరిత్ర చదివితే ఒక తేడా స్పష్టంగా కనిపిస్తుంది. 1992లో ఫ్రాన్సులో వృద్ధాశ్రమాల్లోని 3,270 మంది వృద్ధ మహిళలపై జరిగిన పరీక్షలో కాల్షియం, విటమిన్-డి కలిపి ఇచ్చినవారిలో తుంటి విరుగుళ్ళు 43 శాతం తగ్గాయి. వారు బయటికి రానివారు, లోపం ఉన్నవారు. అమెరికాలో 36,282 మంది మహిళలపై జరిగి 2006లో వెలువడిన పరీక్షలో తుంటి విరుగుళ్ళు చెప్పుకోదగినంతగా తగ్గలేదు, మూత్రపిండాల్లో రాళ్ళు మాత్రం 17 శాతం పెరిగాయి. 2022లో అక్కడే 25,871 మందిపై వెలువడిన మరో ఫలితంలో లోపం ఉందో లేదో చూడకుండా అందరికీ ఇచ్చిన విటమిన్-డి విరుగుళ్ళను ఆపలేకపోయింది. లోటున్నవారికి మాత్ర పనిచేస్తుంది, లోటు లేనివారికి అదనపు బలం ఇవ్వదు.

మన దగ్గర 60,000 యూనిట్ల విటమిన్-డి పొట్లాలు ఇరుగుపొరుగు సలహాతో వారం వారం, నెలల తరబడి వాడేవారు ఉన్నారు. ఈ అలవాటు ప్రమాదకరం. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2,256 మంది స్త్రీలలో సగం మందికి ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల మోతాదు ఇస్తే, పడిపోవడం, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది. ఎన్ని వారాలు వాడాలో, ఎప్పుడు ఆపాలో వైద్యులు చెప్పినట్టే నడుచుకోవాలి.

కాల్షియం మాత్ర తప్పనిసరైనప్పుడు ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకోవడం వృథా, మిగిలినది ఒంటబట్టదు. కాల్షియం కార్బొనేట్ రకం భోజనంతో వేసుకోవాలి. థైరాయిడ్ మాత్రకు, దీనికి మధ్య నాలుగు గంటల వ్యవధి ఉండాలి. ఇనుము మాత్రను కూడా దీనితో కలిపి మింగరాదు. పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటు ఏళ్ళ తరబడి సాగుతున్నవారు ఆ సంగతి వైద్యుల దృష్టికి తేవాలి. దీర్ఘకాలం వాడితే ఎముకలు విరిగే అవకాశం పెరుగుతుందన్న అనుమానాలున్నాయి. ఉబ్బసానికో, కీళ్ళవాతానికో స్టెరాయిడ్ మాత్రలు మూడు నెలలకు మించి వాడినవారి విషయంలో అనుమానం కాదు, అది రుజువైన హాని.

ఉప్పు, నీరు

ఊరగాయ, అప్పడం, వడియం, ఎండుచేప లేనిదే తెలుగు భోజనం సాగదు. మూత్రం ద్వారా ఉప్పు బయటికి పోయేటప్పుడు కాల్షియాన్నీ వెంటబెట్టుకుపోతుంది. సుమారు 6 గ్రాముల ఉప్పుకు 40 మిల్లీగ్రాముల కాల్షియం పోతుందని అంచనా. కాల్షియం దండిగా తినేవారికి ఇది లెక్కలోనిది కాదు, 350 మిల్లీగ్రాములతో నెట్టుకొచ్చేవారికి మాత్రం భారమే. రోజుకు 5 గ్రాములకు లోపే ఉప్పు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. టీ, కాఫీలు మితంగా తాగితే జంకవలసిన పనిలేదు. పొగాకు, మద్యం ఎముకలను నేరుగా దెబ్బతీస్తాయి.

ఉద్యోగ విరమణ తరువాత సొంత ఊళ్ళకు తిరిగి వెళ్ళేవారు అక్కడి బోరునీటిని పరీక్షించుకోవడం మంచిది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని తొలిసారిగా 1937లో వెల్లడించినది నాటి నెల్లూరు జిల్లా నుంచే. నల్గొండ జిల్లా దశాబ్దాల పాటు ఆ బాధను అనుభవించింది. ఫ్లోరైడ్ ఎక్కువైన ఎముక చిత్రంలో దట్టంగా, గట్టిగా కనిపిస్తుంది గాని, బలంగా ఉండదు. వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్ళు వంగవు. ఆహారంలో కాల్షియం తక్కువైనవారిపై ఈ విషం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. 1970వ దశకంలో నల్గొండ ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి వంగిన యువకులను జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి ఆహారానికి, నీటికి గల ఈ ముడిని బయటపెట్టారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే ఆధారం లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు.

ఆహారం ఎంతవరకు?

ఎముక తన మీద పడే బరువును బట్టి బలపడుతుంది. భారరహిత స్థితిలో ఉండే వ్యోమగాములు నెలకు 1 నుంచి 1.5 శాతం వరకు ఎముక సాంద్రతను కోల్పోతారు. కర్మాగారంలో మెట్లెక్కుతూ దిగుతూ, బరువులెత్తుతూ పనిచేసిన మనిషి పదవీ విరమణ మరునాటి నుంచి టీవీ ముందు కూర్చుంటే, ఎంత తిన్నా ఎముకకు పని ఉండదు. ఉక్కునగరంలో చెట్ల నీడన విశాలమైన రోడ్లున్నాయి, నడకకు కొరతలేదు. నడకతో పాటు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవడం, గోడ పట్టుకొని ఒంటికాలిపై నిలబడడం వంటివి జత చేయాలి.

ఒకసారి గుల్లబారిన ఎముకను ఆహారం ఒక్కటే తిరిగి బాగుచేయలేదు. ఈ మాటను దాచకూడదు. నిలుచున్న ఎత్తు నుంచి పడి మణికట్టో, వెన్నుపూసో, తుంటో విరిగినవారికి, యవ్వనంలో కంటే 4 సెంటీమీటర్లకు పైగా ఎత్తు తగ్గినవారికి, 65 దాటిన స్త్రీలకు, 70 దాటిన పురుషులకు డెక్సా అనే ఎముకల సాంద్రత పరీక్ష అవసరం కావచ్చు. అందులో టీ-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువైతే దాన్ని ఎముకల గుల్లబారుతనంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచించింది. అప్పుడు వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ వంటి మందులు, సూదిమందులు విరుగుళ్ళను నిజంగా తగ్గిస్తాయి. ఆ మందులు పనిచేయడానికి కూడా కాల్షియం, విటమిన్-డి, మాంసకృత్తులు తగినంత ఉండాలి. అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసెడు మంచినీటితో వేసుకొని, అరగంట సేపు పడుకోకుండా, టీ, పాలు ఏవీ తీసుకోకుండా ఉండాలి. వెంటనే పాలు తాగితే మందు వృథా అవుతుంది. వైద్యుల వద్దకు వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నింటి చీటీలు, పాత విరుగుళ్ళ ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్ళాలి. తల్లికో తండ్రికో తుంటి విరిగిన చరిత్ర ఉంటే, అది ఎంత పాతదైనా ముందుగా చెప్పవలసిన విషయమది.